శిక్ష యనగా నేమి?

ఒక్క తల్లికడుపున బుట్టిన యాడుపడుచులు నాలుగిండ్లకు జేరి, యొకతె మహాలక్ష్మి యనియు, నొకతె గయ్యాళి యనియు బేరు దెచ్చుకొనుట మన మెఱిగినదే. మాటలకును నిట్టి గతియే పట్టుచుండును. ఒక్క ధాతువునుండి పుట్టిన మాట పలుభాషలకు బోయి, యొకచోట బూజలందును. ఒకచోట భయము పుట్టించును. ఈ మాసమున మేము 'శిక్ష' యను మాటను దీసికొని, యది యెచ్చట బుట్టి యేయే భాషలలో నే యర్థమును బొందెనో విచారింప దలచితిమి. ఈ విచారము పండితులకు మాత్రమే తగినది కాదు. బిడ్డలను బెంచు ప్రతి యిల్లాలికిని దీనితో బనియున్నది. ఎట్లనగా జెప్పెదము.

మన యూళ్ళలోని ప్రభుత్వ పాఠశాలల గోడలమీద 'సర్వశిక్షా అభియాన్' అని వ్రాసియుండుట మీలో బెక్కండ్రు చూచియుందురు. దేశమునందలి బాలబాలిక లందఱకును బ్రాథమిక విద్య నందింప దలచి కేంద్రప్రభుత్వమువారు 2001లో నారంభించిన పథక మది. 2018లో నది మఱి రెండు పథకములతో గలిసి 'సమగ్ర శిక్ష' యైనది. హిందీ వచ్చినవారికి వాని యర్థము 'అందఱికి జదువు', 'సంపూర్ణమైన చదువు' అని. తెలుగు మాత్రమే తెలిసిన తల్లి యొకతె బిడ్డను బడిలో వేయబోయి యా గోడ చూచినచో 'అందఱికి దండన', 'ఏమియు మిగులనీయని దండన' యని చదువుకొనిన నామె తప్పేమి? 2020లో వెలువడిన నూతన విద్యావిధానమునకు హిందీలో 'రాష్ట్రీయ శిక్షా నీతి' యని పేరు. ఆ సంవత్సరమే ఢిల్లీలోని మానవవనరుల శాఖ పేరు మార్చుకొని 'శిక్షా మంత్రాలయ' మైనది. మన చెవికి గారాగారముల నేలు శాఖవలె వినబడు నా పేరు వారికి బడుల నేలు శాఖ.

ఇదే చిక్కు తలక్రిందుగా వారికిని గలదు. మన న్యాయస్థానములలో 'భారత శిక్షాస్మృతి' యని వ్యవహరింపబడిన 1860వ సంవత్సరపు శాసనమును హిందీవారు 'దండసంహిత' యనిరి. మన తెలుగుపేరు విన్నచో వా రది బడిపిల్లల నియమావళి యనుకొందురు. 2024 జూలై 1వ తేదీనుండి యా శాసనము స్థానమున 'భారతీయ న్యాయసంహిత' వచ్చినది గనుక న్యాయస్థానమునందలి చిక్కు తీఱినది. బడిగోడమీది చిక్కు మాత్రము తీఱలేదు.

ఇక బుట్టినింటి సంగతి. సంస్కృతమున 'శిక్ష' యను ధాతువునకు ధాతుపాఠము విద్య నార్జించుట యని యర్థము చెప్పినది. దండించుట యను మాట యక్కడ లేదు. అంతకంటె లోతునకు బోయిన వింత గొలుపు సంగతి యింకొకటి కలదు. 'శక్' అను ధాతువునకు సమర్థమగుట యని యర్థము. శక్తి, శక్యము, ఇంద్రునికి బేరైన శక్రుడు, అన్నియు దానినుండి పుట్టినవే. సంస్కృతమున ధాతువునకు 'సన్' అను ప్రత్యయము చేర్చినచో నా పని చేయవలెనను కోరిక తెలియబడును. 'పా' యనగా ద్రాగుట; త్రాగు కోరిక పిపాస. 'జ్ఞా' యనగా దెలిసికొనుట. తెలిసికొను కోరిక జిజ్ఞాస. 'భుజ్' అనగా దినుట. తిను కోరిక బుభుక్ష. 'శ్రు' అనగా వినుట. విను కోరిక శుశ్రూష. పెద్దల మాట వినగోరువాడు వారి దగ్గఱ నుండి సేవ చేయును గనుక మన మిప్పుడు రోగులకు జేయు సేవకును శుశ్రూష యనియే యందుము. ఈ విధముననే 'శక్' అను ధాతువునకు 'సన్' చేరగా 'శిక్షతి' యను రూప మేర్పడునని పాణిని మహర్షి సూత్రించెను. కనుక శిక్ష యనగా సమర్థము కావలెనను కోరిక, తనకు జేతకాని పనిని జేతనగునట్లు చేసికొనవలెనను తపన.

సోదరీమణులారా! ఇచ్చట నొక్క క్షణము నిలువుడు. శక్తియు శిక్షయు నొక్క తల్లి బిడ్డలు. ఆ కోరిక యెవరిది? నేర్చుకొనువానిది. నేర్పువాని చేతనున్న బెత్తమునకు నీ మాట పుట్టుకలో జోటే లేదు.

వేదములకు షడంగములు గలవు. శిక్ష, వ్యాకరణము, ఛందస్సు, నిరుక్తము, జ్యోతిషము, కల్పము. వీనిలో మొదటిదైన శిక్ష యుచ్చారణ శాస్త్రము. ఏ యక్షరము కంఠమునుండి పుట్టునో, యేది తాలువునుండియో, యేది దంతములనుండియో, యేది పెదవులనుండియో తెలుపునది. తైత్తిరీయోపనిషత్తునందలి మొదటి భాగమునకు 'శీక్షావల్లి' యని పేరు. అక్షరము, స్వరము, మాత్ర మొదలగువానిని బేర్కొని ప్రారంభమైన యా భాగము, చదువు ముగించి యిల్లు చేరబోవు శిష్యునకు గురువు చెప్పు హితవుతో బ్రసిద్ధికెక్కినది. నాలుక తిరుగుట మొదలుకొని నడవడి తిరుగువఱకు నంతయు నా మాటలో నిమిడినది.

ఆ శాస్త్రమున బాణిని పేర బరగు 'పాణినీయ శిక్ష' యను చిన్న గ్రంథము కలదు. హ్రస్వమునకు దీర్ఘమునకు గల భేదమును బిల్లల కెట్లు తెలుపవలెనో దానిలో జూడుడు. పాలపిట్ట కూత యొక మాత్ర, కాకి కూత రెండు మాత్రలు, నెమలి కూత మూడు మాత్రలు, ముంగిస కూత యర మాత్ర యట. విజయదశమినాడు మనము దర్శనము కొఱకు వెదకు పాలపిట్టయే యచ్చట నొజ్జ. పెరటిలోని కాకిని, తోటలోని నెమలిని జూపి పాఠము చెప్పిన శాస్త్రమిది.

దానియందే యింకొక పోలిక కలదు. ఆడుపులి తన పిల్లలను గోఱలతో బట్టుకొని పోవునప్పు డవి జాఱి పడునేమో యని భయపడును. గాయపడునేమో యనియు భయపడును. కనుక వదలకయు నొత్తకయు బట్టుకొనును. అక్షరములను నట్లే పలుకవలెను. పట్టు వదలినచో నక్షరము జాఱిపోవును, బిగించినచో విఱిగిపోవును. అక్షరములను గూర్చి చెప్పిన మాటయే యైనను, బిడ్డల పెంపకమునకు దీనికంటె మంచి పోలిక మాకు గనబడలేదు. ఆ కోఱలు లేడిని జంపగలవు. పిల్ల మెడమీద మాత్ర మొక గాటైన బడనీయవు.

అట్లైన నింత మంచి మాటకు దండన యను నర్థ మెట్లు వచ్చినది? పుట్టినింటనే దానికి దోవ పడినది. సంస్కృత నిఘంటువులలోనే శిక్షకు నేర్పుటతోపాటు దండించుట యను నర్థమును గలదు. దాని పొరుగుననున్న 'శాస్' అను ధాతువును జూచినచో నీ మార్పు తెల్లమగును. శాస్ అనగా నుపదేశించుట, ఆజ్ఞాపించుట, అదుపులో బెట్టుట. శాస్త్రము దానినుండి పుట్టినది, రాజుల శాసనము దానినుండి పుట్టినది, ఉపదేశింపబడువాడు శిష్యుడు. మన యిండ్లలో 'తగిన శాస్తి యైనది' యనునప్పటి శాస్తియు నదే. ప్రాచీనములైన ధర్మసూత్రములలో నొకటియగు గౌతమధర్మసూత్రము శిష్యుని గొట్టకయే చక్కబెట్టవలె ననినది. అది సాధ్యము కానిచో సన్నని త్రాటితోగాని సన్నని వెదురుబద్దతోగాని కొట్టవచ్చు ననినది. మఱి దేనితోనైనను గొట్టిన గురువును రాజు దండింపవలె ననినది. గురువు శిష్యుని జక్కబెట్టుటకును, రాజు గురువును దండించుటకును నచ్చట వాడబడినవి యొక్క శాస్ ధాతువునుండి వచ్చిన మాటలే. నేర్పుటయు దండించుటయు నొక్క గడపకు రెండు ప్రక్కల నున్నవి. మాట యిటునుండి యటు దాటిపోయినది.

మెట్టినిండ్ల సంగతి యిక జూతము. హిందీ, బంగాళీ, ఒరియా, అస్సామీ, నేపాళీ భాషలలో శిక్ష యనగా జదువే. వంగదేశమున మాత్రము 'ఉచిత శిక్ష యిచ్చుట' యనగా దగినట్లు బుద్ధి చెప్పుట యను వాడుక కలదు. అంతవఱకు నా నీడ యచ్చటను బడినది. ప్రాకృతముల మీదుగా నలిగి వచ్చిన రూపము హిందీలో 'సీఖ్‌నా', పంజాబీలో 'సిక్ఖణా', రెండును నేర్చుకొనుటయే.

మహారాష్ట్రమున గొప్ప వింత. 'శికణే' యనగా నేర్చుకొనుట, 'శిక్షక్' అనగా నుపాధ్యాయుడు, 'శిక్షణ్' అనగా విద్య. 'శిక్షా' యనగా మాత్రము దండన! గుజరాతీయు నంతే. ఆ గుజరాతులోనే స్వామినారాయణ సంప్రదాయ స్థాపకుడు సహజానందస్వామి 1826లో 212 శ్లోకములుగా రచించిన యాచారగ్రంథమునకు 'శిక్షాపత్రి' యని పేరు. అచ్చటి శిక్ష యుపదేశమే. పేరులో బాత యర్థము నిలిచినది, వాడుకలో గ్రొత్త యర్థము వచ్చినది. కన్నడమున 'శిక్షె' దండన, 'శిక్షణ' చదువు. మలయాళమున శిక్ష దండనయే. అచ్చటివారును శిక్షాస్మృతిని 'శిక్షానియమ' మనిరి. తమిళమున 'సిట్చై' యను రూపమున రెండర్థములును గలవు.

మన తెలుగున శిక్ష దండన. చివఱ నొక 'ణ'కారము చేర్చినచో నేర్పు. న్యాయాధిపతి వేయునది శిక్ష. కుట్టుపని నేర్పువా రిచ్చునది శిక్షణ. ఆ ణకారమును నమ్ముద మన్నను దుష్టశిక్షణ యనునప్పు డది తిరుగబడును. 'దుష్టశిక్షణము, శిష్టరక్షణము' అని హరికథలలో నెన్నిమాఱులో విన్నాము. శిష్టు లనగా బూర్వులచే జక్కగా నుపదేశింపబడినవారు. నేర్పుటకు సంబంధించిన రెండు మాటలు ప్రక్కప్రక్కన నిలిచి, యొకటి కొట్టుటయు, నొకటి కాపాడబడువారును నైనవి. 'సుశిక్షితుడు' అన్నప్పుడు మాత్రము పాత యర్థము మనయందును జెక్కుచెదరక నిలిచియున్నది. సుశిక్షితులైన సైనికు లనగా బాగుగా దన్నులు తిన్నవారని యెవరును దలపరు.

సముద్రము దాటి పోయిన మాట కథ యింతకంటె విచిత్రము. పాళీభాషలో నిది 'సిక్ఖా' యైనది. బౌద్ధులు శీలము, సమాధి, ప్రజ్ఞ యను మూటిని ద్రివిధ శిక్ష యందురు. ప్రాణిహింస, దొంగతనము, వ్యభిచారము, అబద్ధము, మద్యము, వీనిని విడుచుటను 'శిక్షాపదము' లందురు. అవి యొకరు విధించు నాజ్ఞలు గావు. నే నీ యభ్యాసమును బూనుచున్నానని యెవరికివారు చెప్పుకొనునవి. కృష్ణాతీరమున నమరావతిలోను నాగార్జునకొండయందును బూర్వము విహారము లుండిన కాలమున మన నేలమీదను నీ మాట యీ యర్థముననే పలుకబడినది. థాయి దేశమున నేటికిని జదువు 'సుక్సా'. ఖ్మేరు భాషలో 'సిక్సా'.

అదే మాట మలయా, జావా ద్వీపములకు బోయినప్పు డేమైనది? నేటి యిండోనేసియా భాషలో 'సిక్సా' యనగా హింస, యాతన. చచ్చినవారు గోరీలో బడు యాతనకును నచ్చటి మహమ్మదీయు లీ మాటనే వాడుదురు. మన దండన యర్థముకంటె నది యొక మెట్టు క్రిందికి దిగిపోయినది. కాని మొదటినుండి యట్లు లేదు. పశ్చిమ జావాలోని సుండాదేశమున 1518లో వ్రాయబడిన 'సాంగ్‌హ్యాంగ్ సిక్సాకందంగ్ కరెసియన్' అను గ్రంథమొకటి కలదు. అచ్చట సిక్సా యనగా నుపదేశము, నియమము. ఆ గ్రంథము చెప్పునదేమి? వంటకముల సంగతి తెలియగోరిన వంటవారిని, వస్త్రముల రకములు తెలియగోరిన నేతవారిని, పరభాషలు తెలియగోరిన దుబాసీని నడుగుమని. ఎవరి కేది చేతనగునో వారివద్ద నది నేర్చుకొనుమనిన గ్రంథము పేరనున్న మాట యీనాడు హింసకు బేరైనది.

ఈ మార్పు సంస్కృతపు మాటకే పట్టిన గతి గాదు. వేఱు ధాతువులనుండి పుట్టిన పరభాషాపదములును నీ దారినే నడచినవి. అరబ్బీలో 'అదబ్' అనగా మర్యాద, మంచి నడవడి. ఉర్దూలో సాహిత్యమునకును నదే పేరు. హైదరాబాదులో నొకరినొకరు పలుకరించుకొను 'ఆదాబ్' దాని బహువచనమే. అదే ధాతువునుండి పుట్టిన 'తాదీబ్' అనగా మర్యాద నేర్పుట, దండించుట. లాటినున 'డిసిపులుస్' శిష్యుడు, 'డిసిప్లీనా' విద్యాబోధ. క్రైస్తవ మఠములలో నా పేరే కొరడాకు నంటినది. గ్రీకులు బిడ్డను బెంచి విద్య చెప్పించుటను 'పైదేయా' యనిరి. బైబిలు క్రొత్త నిబంధన నాటికి దాని క్రియాపదము కొట్టి దండించుట యను నర్థమునను వాడబడినది. మనమును మన తెలుగుమాటలతో నిదే చేసితిమి. 'వానికి బుద్ధి చెప్పితిని', 'గుణపాఠము నేర్పితిని' యన్నప్పుడు చెప్పినదియు లేదు, నేర్పినదియు లేదు. చేయి చేసికొన్నా మనుటకు సిగ్గుపడి, పాఠము పేరు పెట్టితిమి.

సోదరీమణులారా! మా బాధ యిచ్చటనే యున్నది. దెబ్బకు విద్య పేరు పెట్టినచో దెబ్బ గౌరవమైనదగును, విద్య భయంకరమైనదగును. రెండును నష్టమే. మనుస్మృతి రెండవ యధ్యాయమున, హింస లేకయే మేలు బోధింపవలెనని, తీయని మెత్తని మాట వాడవలెనని యున్నది. ఆ గ్రంథమే యెనిమిదవ యధ్యాయమున, తప్పు చేసిన భార్యను, కొడుకును, దాసుని, శిష్యుని, తోబుట్టువును ద్రాటితోగాని వెదురుబద్దతోగాని వీపున గొట్టవచ్చు ననినది. ఆ వరుసలో మొదటిపేరు మనదే. ఎంతకాలము మన జాతి స్త్రీలు 'బుద్ధి చెప్పుట' యను ముసుగు క్రింద దెబ్బలు తిన్నారో వేఱుగ జెప్పనక్కఱలేదు. ఆ దెబ్బలవలన నే యిల్లాలికైన నొక పనియందు నేర్పు పెరిగినదా? భయము పెరిగినది, దాచుట పెరిగినది. 2005లో గృహహింసనుండి స్త్రీలకు రక్షణ కల్పించు శాసన మేర్పడి, 2006 అక్టోబరునుండి యమలులోనికి వచ్చినది. 2009 నాటి విద్యాహక్కు చట్టము, పదునేడవ సెక్షనున, బడిలో బిడ్డను గొట్టుటను, మనసు నొప్పించి వేధించుటను నిషేధించినది. 2010 ఏప్రిలు 1వ తేదీనుండి యది యమలులో నున్నది. ఆ ప్రాచీనపు వరుసలో భార్యకును శిష్యునకును శాసన మడ్డు నిలిచినది. ఇంటిలోని బిడ్డ మాత్రము మన చేతికి దగ్గఱగానే యున్నాడు.

మా యింటివారు బడిపంతులు. బిడ్డను బడికి దెచ్చిన తల్లులు, 'రెండు తగిలించినను మే మేమియు ననుకొనము' అని యప్పగించి పోవుట మేము పలుమాఱులు విన్నాము. అన్నము తినని పసివానికి 'పంతులుగారు శిక్ష వేయుదురు సుమా' యని బెదరింపు చెప్పువారును గలరు. ఆ పసివాడు పలక చేతబట్టక మున్నే పంతులుగారికిని గారాగారాధికారికిని భేదము లేదని నేర్చుకొనుచున్నాడు. పూర్వము వీధిబడులలో గోదండము వేయుట, గోడకుర్చీ వేయించుట, తొడపాశము పెట్టుట యుండెడివి. అవి పోయినవని సంతసించు మనము, వాని భయమును మాత్రము మాటలలో బిడ్డలకు వారసత్వముగా నిచ్చుచున్నాము.

దీనికి సమర్థనగా 'దండము దశగుణము' అను నానుడిని జెప్పువారు గలరు. వారు తెలిసికొనవలసిన దొకటి కలదు. ఆ నానుడి యే శ్లోకములోనిదో యా శ్లోకమున బిల్లల మాటయే లేదు. పక్షులు, కుక్కలు, శత్రువులు, పాములు, పశువులు, బురద, నీరు, గ్రుడ్డితనము, చీకటి, ముసలితనము, ఈ పదింటియందు జేతికఱ్ఱ యుపయోగపడునని మాత్రమే దాని తాత్పర్యము. పదిలో నొకటియైనను బడి గాదు. కాలూతకు దోడుపడు కఱ్ఱను బిడ్డ వీపుమీదికి దెచ్చినది మనమే. శిక్ష యను మాటకు జేసినదే యా మాటకును జేసితిమి.

భాష నొకరు మార్పజాలరు. శిక్ష యనగా జదువని తెలుగువా రందఱును రేపటినుండి యనవలెనని మేము కోరుట లేదు. న్యాయస్థానమున శిక్ష శిక్షగానే యుండుగాక. కాని యింటిలో బిడ్డ తప్పు చేసినప్పుడు, పుట్టినింటి యర్థమును దలచుకొని యొక్క ప్రశ్న వేసికొనుడు: నేను జేయబోవు పనివలన బిడ్డకు శక్తి పెరుగునా? ఆ తప్పు మఱల జేయకుండుటకు వలయు చేవ కలుగునా? కలిగినచో నది శిక్ష. లేనిచో నది దండన మాత్రమే. దానికి విద్య పేరు పెట్టకుడు.

పిల్ల పాలగిన్నె తెచ్చుచు నొలుకబోసినది. చెంపమీద నొకటి వేసినచో దానికి మిగులునది మంట. గుడ్డ చేతికిచ్చి తుడిపించి, గిన్నెను రెండు చేతులతో నెట్లు పట్టుకొనవలెనో చూపి, సగము పాలు పోసి మఱల దెమ్మన్నచో దానికి మిగులునది నేర్పు. తుడుచుటయు గొంచెము కష్టమే, మఱల మోయుటయు గొంచెము భయమే. అయినను నా కష్టము చివఱ దానికి జేతకాని పని చేతనైనది. ఎక్కము రాని పిల్లవానిని నిలబెట్టినచో నిలుచుట వచ్చును గాని యెక్కము రాదు. చింతగింజలు కుప్పలుగా బోసి లెక్కపెట్టించినచో నెక్కము వచ్చును. తప్పును జూచి చూడనట్లు వదలివేయుటయు శిక్ష కాదు. అది పిల్ల జాఱి పడినను దిరిగి చూడని పులి.

పట్టు వదలరాదు, పన్ను దిగరాదు. ఉచ్చారణ నేర్పిన శాస్త్రకారుడు పులినే యెన్నుకొనుట మాకు మిక్కిలి సంతోషమైనది. గోవును జెప్పియుండినచో మెత్తదనమే తెలిసియుండెడిది. చంపగల బలము తనకుండియు, దానిని బిడ్డను మోయుటకు మాత్రమే వాడు తల్లిని జెప్పెను.

ఇక మీద మీ యూరి బడిగోడమీద 'సమగ్ర శిక్ష' యని కనబడినప్పుడు నవ్వుకొనుడు. నవ్విన పిమ్మట మీ చేయి పట్టుకొన్న బిడ్డకు నా మాట యర్థము చెప్పుడు. నీవు బలవంతుడవు కాగోరుట దాని పేరని చెప్పుడు. ఆడుబిడ్డ యైనచో నింకొక మాఱు చెప్పుడు.